దొంగతప్పు

మూడో అంతస్తు, మెట్ల పక్క గది
ఫిబ్రవరి 4

ఇన్‌స్పెక్టరమ్మగారికి,

మీ అన్న రాస్తున్నది. ఇంకెవరు రాస్తారులే నీకు, ఈ రోజుల్లో కాగితం మీద!

కవరులో చేతికి గట్టిగా తగిలేది పెన్ డ్రైవ్. అందులో కొత్త ఆట ఉంది, సగం అయింది. ఎప్పటిలాగే ఐదు నిమిషాల ఆట, ఎప్పటిలాగే తుపాకులూ పరుగులూ లేవు. పోయినసారి బస్‌స్టాపులో ముక్కూ మొహం తెలియని మనిషికి గొడుగు పట్టే ఆట పంపిస్తే నీ రూమ్మేట్ "ఇందులో గెలవడం ఎలా?" అని అడిగిందట కదా. ఇందులోనూ గెలవడం లేదని ముందే చెప్పు.

ఈసారి మన ఇల్లు చేస్తున్నాను. బట్టల షాపు పైన మన రెండు గదులు. నిరుడు రోడ్డు వెడల్పు చేస్తామని కొట్టేశారు కదా. ఆ ఇంటి లోపల తీసిన ఫొటో ఒక్కటి కూడా లేదని నాకు మొన్ననే తట్టింది. అమ్మవి ఉన్నవే రెండు ఫొటోలు. రెండింట్లోనూ వెనక స్టూడియో పరదా, దాని మీద ఒక కొలను, రెండు హంసలు. మన కొలనూ కాదు, మన హంసలూ కావు. ఆ ఇల్లు ఇప్పుడు నా కళ్లలో తప్ప ఎక్కడా లేదు.

ఆట ఇది. స్కూలు సంచీ వేసుకున్న పిల్లదో పిల్లాడో మెట్లెక్కి లోపలికి వస్తారు. వంటగదిలో చూస్తారు, అమ్మ ఉండదు. పెరటి వైపు చూస్తారు, ఉండదు. మిషను చప్పుడు పట్టుకుని ముందు గదిలోకి వెళ్తే ఎడమ పక్క కిటికీ దగ్గర కుడుతూ ఉంటుంది. గడప దగ్గరికి రాగానే, గుర్తుందా, తల తిప్పేది కాదు. అరచేయి చక్రం మీద పెట్టి మిషను ఆపి "ఎవరది, పెద్దాడా, చిన్నదా?" అనేది. మన అడుగుల చప్పుడు విని ఎవరో తెలిసి కూడా అడిగేది. అంతే. ఆట అయిపోతుంది.

ఆగస్టులో ఒక హాల్లో చిన్న ఆటల ప్రదర్శన ఉంది. నాకొక బల్ల ఇస్తామన్నారు. అప్పటికి ఇల్లు పూర్తి కావాలి. కావాల్సిందే.

నువ్వు నాలుగో తరగతిలో ఉండగా పెట్టుకున్న రూలు మారలేదు. ప్రతి ఆటలోనూ నేను కావాలని ఒక తప్పు పెడతాను. ఆ దొంగతప్పు నువ్వు పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే నీ పేరు గుడ్డి ఇన్‌స్పెక్టరు.

మీ అన్నయ్య


హాస్టలు, పదిహేడో గది
ఫిబ్రవరి 19

అన్నయ్యా,

పదకొండు!

నువ్వింత ఉదారంగా ఎప్పటినుంచి మారావు? ఒక్క దొంగతప్పు అని చెప్పి పదకొండు పెట్టావు. అన్నీ పట్టేశాను. మొదటిది మరీ తేలిక, వంటగది కుళాయిలో నీళ్లు పైకి పడుతున్నాయి. మిగతావి నీ స్థాయికి తగ్గట్టు ఉన్నాయి. కుడి వైపు అలమర సగం గోడలోకి దూరిపోయింది. చీపురు మూలలో కాకుండా మూలకి జానెడు దూరంలో గాల్లో నిలబడి ఉంది, దాన్ని చూసి పడీపడీ నవ్వాను. ఎడమ చివర రెండు తలుపులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. కింద వచ్చే అక్షరాలు సగానికి తెగిపోయాయి. పూర్తి పట్టీ వెనక పేజీలో ఉంది, నంబర్లు వేసి, ఎర్ర సిరాతో.

ఒక మాట మాత్రం తప్పుల్లో వేయాలో లేదో తెలియక విడిగా రాస్తున్నాను. వెలుగు మరీ ఎక్కువైంది. మన ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా అంత వెలుగు ఎక్కడిది? అమ్మ సూదిలో దారం ఎక్కించడానికి కిటికీ వైపు ఒరిగేది కదా. నాకు ఈ వారం దొరికిన కొత్త మాట ఓరవాకిలి. కాస్తంత తెరిచిన తలుపు అన్నమాట. మన ముందు గది ఎప్పుడూ ఓరవాకిలి వెలుగులోనే ఉండేది. రాసి చూస్తే మాట ఎంత బాగుందో! క్లాసులో మేడమ్ ఈ మాట చెప్పినప్పుడు నాకు వెంటనే అమ్మ మోచేయి కనిపించింది, దాని మీద సన్నటి వెలుగు చారతో సహా.

అలాంటి మాటలు దొరికితే నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. రూమ్మేట్ దాన్ని కిరాణా పద్దు అంటుంది. అననీ.

పదకొండు పట్టిన
ఇన్‌స్పెక్టరు


మెట్ల పక్క గది
మార్చి 10

ఇన్‌స్పెక్టరమ్మా,

కుళాయి ఒక్కటే నేను పెట్టింది. మిగతా పదీ తొందరలో పడ్డవి. దిద్దాను.

నీ అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. నోట్‌బుక్కు ఖర్చు చూసుకోకుండా పెద్దవిగా రాయి, నల్ల సిరాతో. ఎర్ర సిరా వద్దు. తెలుగు చదువుకునే పిల్లవి, దస్తూరీ బాగుండొద్దూ?

వెలుగు సంగతి ఆలోచిస్తాను. ప్రయోగం అనుకో. అన్నీ నీకు కనిపించినట్టే ఉండాలని లేదు కదా.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. మందు సీసాల మీద అంటించే లేబుళ్ల డిజైన్లు, ఒక్కో దాంట్లో ఆవగింజంత అక్షరాలు. వచ్చే శనివారం నిన్ను చూడటానికి వస్తాను. బస్టాండుకి రా. గేటు దగ్గర కాదు, దీపం కింద నిలబడు.

అన్నయ్య


పదిహేడో గది
ఏప్రిల్ 12

అన్నయ్యా,

పెద్ద అక్షరాలు. నల్ల సిరా. చాలా?

రెండోసారి పంపిన ఆట రూమ్మేటూ నేనూ కలిసి ఆడాం. ఆవిడేమందో తెలుసా? "మీ ఇల్లంతా నడిమధ్యకి వచ్చి కూర్చుందేంటే, వాన పడుతోందా?" నేను నవ్వలేదు, ఎందుకంటే నిజం. పొయ్యి, మంచం, అలమర, బకెట్టు అన్నీ తెర మధ్యలో ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డాయి. చుట్టూ ఖాళీ గోడ. అంచుకి మన భాషలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టాను. అంచు, ఓర, కొస, చివర. నీ ఆటలో వీటిలో ఒక్కటీ లేదు. గుడ్డి ఇన్‌స్పెక్టరు నేను కాదు, నువ్వే.

దొంగతప్పు క్యాలెండరు. ఏప్రిల్‌కి ముప్పై ఒకటి వేశావు.

ఇప్పటిదాకా రాసి పెన్ను పక్కన పెట్టాను. ఆగి మళ్లీ రాస్తున్నాను.

ఆ శనివారం నువ్వు వచ్చినప్పుడు, సంచీ ఇటివ్వు అని చేయి చాపితే నువ్వు చూడలేదు. చాలాసేపు చాపే ఉంచాను. క్యాంటీన్‌లో గ్లాసు పడేసి "గ్లాసు అక్కడెందుకు పెట్టారు" అని పిల్లవాడి మీద కసిరావు. గ్లాసు నీ చేతి పక్కనే ఉంది. మెట్లు దిగేటప్పుడు పాదంతో తడుముకుంటూ దిగావు. నేను అడిగితే చెప్పులు కొత్తవి అన్నావు. అవి నిరుడు నేను కొనిపించిన చెప్పులే.

అన్నయ్యా, నీ కళ్లు బాగానే ఉన్నాయా?

చిన్నది


మెట్ల పక్క గది
మే 2

చిన్నదానా,

బాగా లేవు.

ఎలా రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. డాక్టరు చెప్పినట్టే చెబుతాను. ఆయన ఒక కాగితం మీద పళ్లెమంత సున్నా గీశారు. ఇది అందరి చూపు అన్నారు. అందులో గిన్నెంత ఇంకో సున్నా గీసి ఇది ఇప్పటి నీ చూపు అన్నారు. దాని లోపల రూపాయి బిళ్లంత గీసి ఏడాది తిరిగేసరికి ఇది అన్నారు. దాని లోపల పెన్సిలు మొన ఆనించి ఏమీ అనలేదు. మందు లేదట. ఆపరేషను లేదట. నువ్వు ఆ పేర్లూ ఈ పేర్లూ వెతికి నాకు రాయొద్దు, నేను అన్నీ వెతికేశాను.

ఇల్లు నడిమధ్యకి వచ్చి కూర్చోలేదు. నేను చూడగలిగేది నడిమధ్య ఒక్కటే. వస్తువులు నాకు కనిపించే చోట పెట్టుకుంటూ పోయాను. అంచుల్లో పెట్టినవి పెట్టిన సంగతే మరిచిపోయాను.

ఆఫీసు మార్చి చివర్లోనే వదిలేశాను. వదిలేశానని రాస్తున్నాను కానీ పొమ్మన్నారు. పిల్లలకు అందకుండా ఉంచండి అనే వరస లేబులు అంచున ఉంటుంది. అది పడలేదని నేను చూసుకోలేదు. నాలుగు వేల సీసాలకి అంటించాక ఎవరో చూశారు. వాళ్ల తప్పు ఏమీ లేదు.

నిన్ను కూడా ఒకసారి చూపించుకోమన్నారు. కుటుంబాల్లో వస్తుందట. భయపడకు, కానీ వెళ్లు.

ఇంక అసలు సంగతి. ఆగస్టులోపు ఇల్లు పూర్తి చేయాలి అని ఎందుకంటున్నానో ఇప్పుడు నీకు తెలిసింది. అంచులన్నీ మళ్లీ పెట్టాను, చూసి కాదు, లెక్క వేసి. తెర మీద ఎడమ నుంచి ఎంత దూరం, పైనుంచి ఎంత దూరం అని ప్రతి వస్తువుకీ నంబర్లు ఉంటాయి. ఆ నంబర్లు కొట్టాను. అమ్మని కూడా కిటికీ దగ్గర అలాగే కూర్చోబెట్టాను. ఆట ఈ కవరులో ఉంది.

ఒక్కటే అడుగుతున్నాను. నా మీద జాలిపడి పట్టీ తగ్గించకు. నువ్వు రాసే తప్పుల పట్టీ ఒక్కటే ఇప్పుడు నా ఆట నాకు కనిపించే దారి. నువ్వు మంచిదానివైపోతే నేను నిజంగా గుడ్డివాడినవుతాను.

అన్నయ్య


పదిహేడో గది
మే 20

ప్రియమైన అన్నయ్యకి,

ఆట చాలా అద్భుతంగా ఉంది. ఒక్క తప్పు కూడా లేదు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దొంగతప్పు కూడా నాకు దొరకలేదు. నువ్వే గెలిచావు. ఈసారికి నేను గుడ్డి

ఆ మాట రాయను.

కిటికీ పక్కన అమ్మ చాలా బాగుంది. అచ్చం అమ్మలాగే ఉంది.

పరీక్షలు దగ్గర పడ్డాయి. నువ్వు వేళకి తిను. మెట్లు జాగ్రత్త.

నీ చెల్లెలు


మెట్ల పక్క గది
జూన్ 6

ఇన్‌స్పెక్టరమ్మా,

వంటగదిలో పొయ్యి మీద గిన్నెకి బదులు నీ పాత మూడు చక్రాల సైకిలు పెట్టాను. తెరలో సగం అదే. ఎవరూ చూడకుండా ఉండలేనిది కావాలనే వెతికి పెట్టాను.

నీకు దొరకలేదట.

తిట్టను. నిన్ను తిట్టే ఓపిక కూడా లేదు. ఉత్తరం ఐదుసార్లు చదివాను, అక్షరాలు పెద్దగా ఉన్నాయి కాబట్టి. "అద్భుతం" అనే మాట నీ నోట ఎప్పుడైనా విన్నానా? నీ నోట్‌బుక్కులో అంతకంటే మంచి మాటలు వంద ఉంటాయి. నువ్వు అబద్ధమాడేటప్పుడు నీ భాష పెళ్లి శుభలేఖలా తయారవుతుంది.

నిజం పట్టీ పంపు. ఎన్ని ఉన్నా సరే, యాభై అయినా సరే. దిద్దుతాను.

అమ్మ గురించి రాసినదానికి మాత్రం సంతోషించాను. సైకిలు సంగతి అబద్ధమైనా అది అబద్ధం కాదులే, అలాంటి విషయంలో నువ్వు ఆడవు. రోజూ పొద్దున్నే మొహం కడుక్కుని ఆట పెట్టుకుని ముందు గదిలోకి వెళ్లి ఆగిపోతాను. తెర ఎడమ పక్క నాకు కనిపించదు. నువ్వన్నావని ఆ గదిలో వెలుగు తగ్గించాక అటు తిరిగినా నాకు చీకటే. కానీ అక్కడ అమ్మ ఉందని తెలుసు కాబట్టి అటు తిరిగి కాసేపు కూర్చుంటాను. టీ అక్కడే తాగుతాను. ఆ తర్వాత పని మొదలుపెడితే చేయి బాగా నడుస్తోంది.

డాక్టరు దగ్గరికి వెళ్లావా? అది కూడా దాస్తున్నావా?

అన్నయ్య


పదిహేడో గది
జూన్ 15

అన్నయ్యా,

అమ్మ లేదు.

ఎక్కడ మొదలుపెట్టినా అక్కడికే రావాలి కాబట్టి ముందే రాసేశాను. ముందు గదిలో కిటికీ ఉంది. కిటికీకి కర్టెన్ ఉంది, గళ్ల కర్టెన్, దాని కింది కుట్టు ఊడినట్టు కూడా గీశావు. పక్కన కత్తెర తగిలించిన మేకు ఉంది. మిషను లేదు. స్టూలు లేదు. అమ్మ లేదు. ఆట మొత్తం పదిహేనుసార్లు ఆడాను. నెమ్మదిగా వెళ్లి చూశాను, పరుగెత్తి చూశాను. పిల్లది గడప దగ్గర ఆగుతుంది, ఖాళీ గదిలో "ఎవరది, పెద్దాడా, చిన్నదా?" అని అక్షరాలు పడతాయి. ఎవరు అడుగుతున్నారో తెలియదు. ఆట అయిపోతుంది.

మొదటిసారి చూసి దొంగతప్పు అనుకున్నాను. కానీ నువ్వు అమ్మతో ఆ ఆట ఆడవు. అప్పుడు అర్థమైంది. సైకిలు చూశాను. చూసి నవ్వాను కూడా. కానీ సైకిలు రాస్తే దాని కింద అమ్మ గురించి రాయాలి. పట్టీలో ఎన్నో నంబరు వేయను? అందుకే మొత్తం పట్టీయే రాయలేదు. ఒక్క అబద్ధం సరిపోతుందనుకున్నాను. నువ్వు టీ గ్లాసు పట్టుకుని ఖాళీ గోడ వైపు తిరిగి కూర్చుంటావని నాకు తెలియదు అన్నయ్యా. అది చదివి బాత్రూములో కుళాయి తిప్పి ఏడ్చాను. రూమ్మేట్ తలుపు కొట్టి "నీళ్లు అయిపోతాయి, బయటికొచ్చి ఏడువు" అంది. వచ్చాను. నా పక్కన కూర్చుని నా జడ విప్పి మళ్లీ వేసింది.

డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఒక యంత్రంలో తల పెట్టించి మూల మూలలా చుక్కలు వెలిగించారు. కనిపించిన ప్రతి చుక్కకీ మీట నొక్కమన్నారు. అన్నీ కనిపించాయి. నాకేమీ లేదట. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏమీ లేదన్నందుకు ఏడుపొచ్చింది. ప్రతి చుక్కకీ నీ తెరలో ఏం పెట్టాల్సి ఉందో గుర్తొచ్చింది. ఇక్కడ చీపురు, ఇక్కడ అలమర, ఇక్కడ అమ్మ.

నిజం పట్టీ ఇరవై ఆరు. వెనక పేజీల్లో ఉంది, ఒక్కో పేజీకి నాలుగే, పెద్ద అక్షరాలతో. నంబర్లు మార్చడం నేర్పితే నేను వచ్చి మారుస్తాను. పరీక్షలయ్యాక సెలవులే కదా.

చిన్నది


మూడో అంతస్తు, మెట్ల పక్క గది
జూలై 9

ఇన్‌స్పెక్టరమ్మకి,

ఈ దస్తూరీ నాది కాదు. కింది వాటా టీచరుగారిది. నలభై ఏళ్లు పిల్లలకి డిక్టేషను చెప్పారు, ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నారు. (నెమ్మదిగా చెప్పమంటే వినడం లేదమ్మా. — టీచరు)

నీ ఉత్తరం కూడా ఆవిడే చదివి వినిపించారు. పెద్ద అక్షరాలు కూడా ఇప్పుడు ఒక్కొక్కటే దొరుకుతున్నాయి. అమ్మ లేదు అన్నచోట ఆవిడ ఆగిపోయారు. నేను చదవండి అన్నాను. (ఏడ్చాడని రాయొద్దన్నాడు. రాశాను.)

టీచరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని నంబర్లు చదివించాను. అమ్మ నంబరు ముందు ఒక చిన్న మైనస్ గీత పడింది. అంతే. ఆ గీత పడితే ఎడమ అంచు దాటి బయటికి లెక్క అవుతుంది. రెండు నెలలుగా అమ్మ గోడకి అవతల, రోడ్డు మీద, గాల్లో మిషను వేసుకుని కూర్చుని ఉంది. మనం గడప దగ్గరికి వచ్చిన ప్రతిసారీ అక్కడినుంచే ఎవరది అని అడిగింది.

గీత తీసేయడానికి ఒక్క మీట చాలు. టీచరుగారు నొక్కారు. "వచ్చింది బాబూ, కిటికీ దగ్గరే ఉంది" అన్నారు. వచ్చింది అని నేను ఆవిడ మాట మీద నమ్మాను, మొదట నీ మాట మీద నమ్మినట్టే. అప్పుడు అర్థమైంది, ఇకనుంచి నా ఆటలో అమ్మ ఉందో లేదో ఇంకొకరు చెబితే గాని నాకు తెలియదని. దానికి నాకు కోపం లేదు. కానీ అది నేను చేసిన ఇల్లు అవదు.

ఆ బొమ్మల ఇల్లు నీకు పంపుతున్నాను. నీ ఇరవై ఆరూ దిద్దించాను. అది నీది, ఎవరికీ చూపించకు.

ప్రదర్శనకి వేరేది చేశాను. తెర మొత్తం నలుపు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి. కుడి చెవి పక్క వంటగది, ఎడమ చెవి పక్క ముందు గది, వెనక మెట్లు. ఈ ఇంట్లో ఏది ఎక్కడుందో నాకు తెలుసు, నేనే విని పెట్టాను. అమ్మ మిషను నా గదిలోనే ఉంది కదా. నేను తొక్కితే టీచరుగారు ఫోనులో పట్టారు. (నాలుగు గంటలు తొక్కాడు. మడమ వాచింది. చెప్పినా ఆపలేదు.) అడుగుల చప్పుడు నీ పాత చెప్పులది, వాటిని నా చేతులకి తొడుక్కుని మెట్ల మీద నడిపించాను. చిన్నగా ఉన్నాయి, నాలుగు వేళ్లే పట్టాయి.

ఒక దొంగతప్పు ఉంది. ఈసారి అబద్ధమాడితే టీచరుగారు నీ చేత గుంజీలు తీయిస్తారు.

అన్నయ్య
(సంతకం అతనే పెట్టాడు, కాగితం మధ్యలో.)


హాస్టలు, పదిహేడో గది
జూలై 24

అన్నయ్యా,

టీచరుగారూ, ఇది మీరే చదివి వినిపిస్తారు కాబట్టి మీకూ నమస్కారం. నేను ఎక్కడ ఆగానో అక్కడ ఆగండి.

గదిలో ఎవరూ లేనప్పుడు ఆడాను. తెర నల్లగా ఉన్నా అటే చూస్తున్నానని గమనించి కళ్లు మూసుకున్నాను. మెట్లు పద్నాలుగు, లెక్క సరిపోయింది. ఆరో మెట్టు కిర్రుమంది. దాన్ని ఎక్కడ పట్టుకొచ్చావు? నేను మరిచేపోయాను. వంటగదిలో మూత కొద్దిగా ఎగిరిపడుతున్న గిన్నె. బయట బట్టల షాపు వాళ్లు గుడ్డ తాను విప్పి బల్ల మీద పరిచే చప్పుడు, చటుక్కున. దానికి ఒక మాట కోసం నోట్‌బుక్కంతా వెతికాను, లేదు. మాట లేకపోయినా వినిపించింది. నేను తలుపు కోసం చేయి చాపాను, నిజంగానే, హాస్టలు గదిలో. మంచం కోడు తగిలింది.

తర్వాత మిషను. హెడ్‌ఫోన్స్ రెండు చేతులతో చెవులకి నొక్కి పట్టుకున్నాను.

ఇప్పుడు పట్టీ. ఏదీ తగ్గించలేదు.

ఒకటి. కుళాయి ఎడమ చెవిలో కారుతోంది. వంటగది కుడి వైపు. ఇదే నువ్వు పెట్టిన దొంగతప్పు, తేలిగ్గా దొరికింది, సిగ్గుపడు.

రెండు. ఇది నువ్వు పెట్టావో, తొందరలో పడిందో, పెట్టకుండా ఉండలేకపోయావో నాకు తెలియదు. గడప దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మిషను ఆగలేదు. వెనక్కి మెట్ల దాకా వెళ్లి మళ్లీ వచ్చాను. ఆగలేదు. మెస్సు గంట కొట్టేదాకా అక్కడే నిలబడ్డాను. అమ్మ కుడుతూనే ఉంది. ఆపితే ఎవరది అని అడగాలి, అడగడానికి ఆ గొంతు మన దగ్గర ఎక్కడా లేదు. అందుకే అయి ఉంటుందని నాకూ తెలుసు. అయినా తప్పు తప్పే కదా, రాయకుండా వదలొద్దని నువ్వే అన్నావు.

ప్రదర్శనకి ఇంకా పది రోజులుంది. నాలుగు రోజుల్లో బస్సెక్కి వస్తున్నాను, మనిద్దరం కలిసి చూద్దాం. ఈలోపు నువ్వొక పని చెయ్యి. నా అడుగుల చప్పుడు ఇంకొంచెం పెంచు. మిషను హోరులో వినపడక ఆపలేదేమో.

చిన్నది